బఠానీ డబ్బాల వెనక

పోయిన వారం మనం మూడో వరుసక్కను మోకాళ్ల మీద వదిలేసి ఎవరి దారిన వాళ్లం వెళ్లిపోయాం. పాపం, ఆమె ఇంకా అక్కడే ఉంది. బిగించిన గుప్పిట కూడా విప్పలేదు.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు మాటలు. ఊరి నడిబొడ్డున ఉన్న ఆ సూపర్ మార్కెట్‌కు ఇరవై ఏళ్లుగా ఒక విదేశీ కంపెనీ పేరు ఉండేది. పేరు వాడుకునే గడువు తీరిపోయింది. దుకాణాన్ని ఈ ప్రాంతపు కంపెనీ ఒకటి తీసుకుంది. ఒకప్పుడు బస్టాండు పక్కన ఒంటిగది కొట్టుగా మొదలై, ఇప్పుడు ముప్పై ఊళ్లకు పాకిన కంపెనీ అది. పది రోజులు తలుపులు మూసి, బోర్డు దించి, అరలు విప్పి, కొత్త పేరుతో మళ్లీ తెరుస్తారు. పాతవాళ్లలో ఎవరు ఉంటారో, ఎవరు పోతారో ఈ సాయంత్రం ఐదింటికి గోడ మీద కాగితం అంటిస్తారు. ఆ కాగితం రాయడానికి కొత్త కంపెనీ పంపిన మేడం ఎవరో కాదు, పదకొండేళ్ల కిందట ఇదే దుకాణంలోంచి దొంగ అన్న ముద్రతో బయటికి నడిచిన అమ్మాయి, అందరూ పిచ్చుక అని పిలిచేవారు. ఓడలు బళ్లవుతాయి, బళ్లు ఓడలవుతాయి అంటారు కదా, ఆ బాపతు. వడ్రంగి మేస్త్రీ మూడో వరుస అరల వెనక చెక్క విప్పేసరికి దుమ్ములో ఒక ఆడవాళ్ల వాచీ పడి ఉంది. మేస్త్రీ వంగేలోపే, ఏళ్లుగా ఆ వరుసలో సరుకులు సర్దే మన అక్క దాన్ని గుప్పిట్లోకి తీసుకుంది. అక్కడ ఆగాం.

"ఏం దొరికిందక్కా?" అన్నాడు మేస్త్రీ, స్క్రూడ్రైవర్ చెవి వెనక దోపుకుంటూ.

"ఏముంటుంది, ధర చీటీ క్లిప్పు."

"నయం. ఒకటో వరుస వెనక పసిపిల్లల పాలపీక దొరికింది. రెండో వరుసలో కళ్లద్దం ఒక్కటి. రెండోది ఏమైందో మరి! ఈ జనం సరుకులు కొనుక్కోడానికి వస్తారో, ఉన్నవి పారేసుకోడానికి వస్తారో నాకర్థం కాదు."

అక్క నవ్వబోయింది. నవ్వు రాలేదు. గోడౌన్‌లోకి వెళ్లి, అట్టపెట్టెల మధ్య తాను రోజూ అన్నం తినే మూల కూర్చుని, అప్పుడు గుప్పిట విప్పింది.

గోధుమరంగు పట్టీ. కొక్కెం దగ్గర దారంతో కుట్టిన కుట్టు. గాజు కింద చిన్న కిటికీలో తేదీ ఇరవై తొమ్మిది. ఏ నెల ఇరవై తొమ్మిదో చెప్పేవాళ్లు లేరు. అది పోయింది మాత్రం నెల మొదటి వారంలో. అంటే చీకట్లో పడ్డాక కూడా అది చాలాకాలం నడిచిందన్నమాట. ఇవతల ఆమె డబ్బాలు సర్దుతుంటే అవతల జానెడు దూరంలో టిక్కుటిక్కుమంటూ, ఎవరికీ టైము చెప్పకుండా, ఓపిక ఉన్నన్నాళ్లు నడిచి ఆగిపోయింది.

ఈ వాచీ ఎవరిదో, అక్కడికి ఎలా వచ్చిందో అక్కకు తెలుసు. ప్రపంచంలో ఇంకెవరికీ తెలియదని ఇన్నాళ్లూ అనుకుంది.

ఆ దుకాణంలో 'లాగుడు' అని ఒక పని ఉంది. సాయంత్రం జనం వచ్చే వేళకు అరలో మిగిలిన డబ్బాలన్నీ అంచుదాకా లాగి నిలబెట్టాలి. వెనక బోలుగా ఉన్నా ముందు వరుస నిండుగా కనపడాలి. విదేశీ కంపెనీ వాళ్ల పుస్తకంలో దానికేదో పెద్ద పేరుండేది కానీ, పని చేసేవాళ్లు మాత్రం లాగుడనే అనేవారు. ఆ పనిలో అక్కను మించినవాళ్లు లేరు. ఇంటికి వెళ్లినా ఆ అలవాటు పోయేది కాదు. వంటగదిలో ఉన్న మూడు డబ్బాలనూ అంచుకు లాగి పెట్టుకునేది. ఎవరైనా వస్తే ఇల్లు నిండుగా కనపడాలి కదా. ఎవరూ వచ్చేవారు కాదు, అది వేరే సంగతి. భర్త పోయి తొమ్మిదేళ్లు. తమ్ముడు పెళ్లికో చావుకో ఫోన్ చేస్తాడు. రెండు కుర్చీల్లో ఒకదాని మీద ఎప్పుడూ ఉతికిన బట్టలే కూర్చుంటాయి.

ఆ రోజు జరిగింది ఇంతే. ఒక టీచరమ్మ చేతి వాచీ ఊడి మూడో వరుసలో పడిపోయింది. రెండు చేతుల్తో అట్టపెట్టెలు మోసుకుపోతున్న పిచ్చుక ఎలాగో వంగి, వేళ్ల కొసలతో దాన్ని అందుకుంది. నిచ్చెన మీదున్న అక్కతో, "అక్కా, ఎవరిదో వాచీ! చేతులు ఖాళీ లేవు, ఇదిగో బఠానీ డబ్బాల వెనక పెడుతున్నా. పెట్టెలు దించేసి వచ్చి కౌంటర్‌లో ఇస్తా" అని కేకేసింది. అక్క "సరే" అంది. గేటు దగ్గర లారీ వచ్చి పిచ్చుక అక్కడే చిక్కుకుపోయింది. నాలుగైంది. అక్క లాగుడు మొదలుపెట్టింది. బఠానీ అరలోకి మోచేతిదాకా చెయ్యి పోనిచ్చి డబ్బాలను ముందుకు దువ్వుతుంటే వెనక సందులో టక్ మని చిన్న చప్పుడైంది. క్లిప్పేమో అనుకుంది. పనిలో ఉన్న మనిషి, వాచీ సంగతే మరిచిపోయింది.

టీచరమ్మ ఏడుస్తూ తిరిగొచ్చింది. అది వాళ్లమ్మ వాచీ. పిచ్చుక పరుగున వచ్చి బఠానీల వెనక చూస్తే ఏమీ లేదు. పిచ్చుక చేతిలో వాచీ చూశానని బిల్లు కౌంటర్ అమ్మాయి చెప్పింది. మేనేజర్ ఒక్కొక్కరినే తన గదిలోకి పిలిచాడు.

అక్కను ఆయన అడిగింది ఒకే ప్రశ్న. "ఆమె చేతిలో వాచీ చూశావా, లేదా? ఒక్క మాటలో చెప్పు."

"చూశాను సార్."

"చాలు. వెళ్లు."

గుమ్మం దగ్గర అక్క ఒక్క క్షణం ఆగింది. ఆ వాచీని పిచ్చుక తర్వాత ఏం చేసింది అని ఆయన అడిగితే చెప్పేదే. ఆయన అడగలేదు, ఈమె చెప్పలేదు. అది మరుపూ కాదు, భయమూ కాదు. ఆ వారమే ఇద్దరిలో ఒకరిని సెక్షన్‌కు పెద్దను చేసి చొక్కాకు నక్షత్రం బిళ్ల ఇస్తామన్నారు. అది పిచ్చుకకే వస్తుందని అందరికీ తెలుసు. అక్కకు అందరికంటే బాగా తెలుసు.

నక్షత్రం అక్కకే వచ్చింది. మూడో రోజు పొద్దున అద్దం ముందు నిలబడి ఆ బిళ్ల గుచ్చుకుంటుంటే పిన్ను టక్ మంది. అప్పుడు గుర్తొచ్చింది, బఠానీ అర వెనక చప్పుడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవచ్చు. ఈమె అవీ పట్టుకోలేదు. అప్పటికి పిచ్చుక ఊళ్లో లేదని తనకు తాను చెప్పుకుంది. ఆ తర్వాత ఎన్నిసార్లు వేరే సెక్షన్‌కు మారుస్తామన్నా మూడో వరుస వదలలేదు. వదిలితే ఎవరో ఆ చెక్క విప్పుతారని భయమో, ఎవరూ విప్పరని దిగులో ఆమెకే తెలియదు. మధ్యాహ్నం అందరితో కూర్చుని తినడం కూడా మానేసింది. పిచ్చుక తన డబ్బా మూత తీయకముందే పక్కవాళ్ల డబ్బాలో చెయ్యి పెట్టే రకం. "పక్క డబ్బాలో రుచే వేరక్కా" అనేది. ఆ చెయ్యి రాని భోజనాన్ని పదిమందిలో కూర్చుని తినడం అక్క వల్ల కాలేదు.

"మీరు ఇక్కడున్నారా?"

అక్క ఉలిక్కిపడి గుప్పిట మూసింది. పిచ్చుక గుమ్మంలో నిలబడి ఉంది. చంకలో అట్ట, దాని మీద కాగితం. జుట్టు కత్తిరించుకుంది, కొంచెం ఒళ్లు చేసింది, కళ్లు మాత్రం అవే. వచ్చిన మూడు రోజుల్నుంచీ అక్కను 'మీరు' అనే పిలుస్తోంది. అంత మర్యాద చెంపదెబ్బ కంటే గట్టిగా తగులుతుందని అక్కకు ఈ మూడు రోజుల్లోనే తెలిసింది.

"ఇక్కడే మేడం. చెక్కలు విప్పుతున్నారు, దుమ్ముగా ఉంటేనూ..."

"ఒక సంగతి చెబుదామని వచ్చా. కొత్త అరలు బిగించాక మీ వరుసలో లాగుడు చెయ్యక్కర్లేదు. మా కంపెనీలో ఆ పద్ధతి లేదు. సరుకు అయిపోయిన చోటు ఖాళీగానే కనపడాలి."

"కొనేవాళ్లు ఏమనుకుంటారు?"

"ఖాళీ అనుకుంటారు. ఖాళీయే కదా."

ఆ నియమం పెట్టింది ఎవరో అక్క అడగలేదు. అడగక్కర్లేకపోయింది. తేలు కుట్టిన దొంగలా ఎన్నాళ్లు కూర్చుంటుంది మనిషి? చెయ్యి చాచి వేళ్లు విప్పింది.

"ఇది దొరికింది. బఠానీ అర వెనక."

పిచ్చుక వాచీని ముట్టుకోలేదు. తర్వాత పక్కనున్న అట్టపెట్టె మీద కూలబడింది.

"ఎందుకలా చెప్పావు నువ్వు?" అంది.

పదకొండేళ్ల తర్వాత చెవిన పడిన ఆ 'నువ్వు'కు అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. మాట అర్థం కావడానికి మరి కాస్త పట్టింది.

"ఏం చెప్పాను?"

"చెక్క విప్పి చూశానని, వెనక ఏమీ లేదని! నేను మేనేజర్ కాళ్లావేళ్లా పడ్డాను, ఆ అర విప్పించండి సార్, సందులో పడుంటుంది అని. బయటికెళ్లి పది నిమిషాల తర్వాత వచ్చాడు. 'మీ అక్కనే అడిగాను. విప్పి మరీ చూసిందట, ఏమీ లేదట' అన్నాడు. ఇంకేం మాట్లాడను? ఇంకెవరు చెప్పినా పోట్లాడేదాన్ని. నువ్వు చూశావన్నాక నోరు పడిపోయింది నాకు."

"నన్నెవరూ అడగలేదు."

"అబద్ధం."

"ఒట్టు. నన్ను ఆయన ఆ మాట అడగనే లేదు. నేను ఆ చెక్క జోలికే పోలేదు."

గోడకు అవతల మేస్త్రీ సుత్తి దెబ్బలు వినపడుతున్నాయి. జరిగిందేమిటో ఇద్దరికీ అప్పుడు అర్థమైంది. అర విప్పడమంటే దుకాణం ఒక పూట మూయాలి, పైవాళ్లకు జవాబు చెప్పుకోవాలి. అంతకంటే ఒక మనిషిని పంపించేయడం మేనేజర్‌కు తేలికనిపించింది. ఒక్క ప్రశ్నతో అక్క నోరు, ఒక్క అబద్ధంతో పిచ్చుక నోరు మూశాడు.

ఇప్పుడు చూడండి అక్క అదృష్టం. తప్పంతా మోయడానికి ఒక మనిషి దొరికాడు. ఇక్కడితో ఆగిపోతే చాలు, పాతరోజులు తిరిగొస్తాయి. సగం చెప్పి ఆగడం ఆమెకు చేతకానిది కాదు.

"ఇంకోటి ఉంది," అంది అక్క. "నీ చేతిలో వాచీ చూశావా అని అడిగాడు. చూశానన్నాను. నువ్వు అరలో పెట్టావని, నాతో చెప్పి మరీ పెట్టావని చెప్పలేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నా. అది కాదు. నక్షత్రం నీకొస్తుందన్న కుళ్లుతో చెప్పలేదు. వెనక పడేసింది కూడా నేనే. లాగుడులో నా చెయ్యి తగిలి పడింది. చప్పుడు విన్నాను. మూడు రోజుల తర్వాత గుర్తొచ్చింది. అప్పుడూ చెప్పలేదు."

పిచ్చుక తిట్టలేదు, ఏడవలేదు. తిడితే బాగుండునని అక్కకు అనిపించింది.

"ఏడాదిపాటు నాకెవరూ పనివ్వలేదు," అంది పిచ్చుక, కాగితం అంచు వేళ్లతో నలుపుతూ. "నేను వాళ్లింట్లోకి అడుగు పెడితే పక్కింటివాళ్లు బల్ల మీద సామాను సర్దేసుకునేవాళ్లు. బస్టాండు పక్క ఒంటిగది కొట్లో ముసలాయన ఒక్కడే పాత కాగితాలు అడగలేదు. అందుకే అక్కడ చేరాను. వాటన్నిటికీ అలవాటు పడ్డాను. మధ్యాహ్నం డబ్బా విప్పినప్పుడు మాత్రం కష్టంగా ఉండేది. పక్కన ఎవరి డబ్బాలోనూ చెయ్యి పెట్టబుద్ధయ్యేది కాదు."

"నేనూ ఒక్కదాన్నే తింటున్నా."

"తెలుసు. మూడు రోజుల్నుంచీ చూస్తున్నా. జాలి పడకూడదని గట్టిగా అనుకున్నా."

అట్ట ఇటు తిప్పి చూపించింది. వరుసల వారీగా గడులు, గడుల్లో పేర్లు. మూడో వరుసకు ఎదురుగా ఉన్న గడి తెల్లగా ఉంది.

"నీ పేరు రాయలేదు, వేరేవాళ్లదీ రాయలేదు. పెన్ను పెట్టడం, తియ్యడం. ఇదీ నా వరస. సరే, విను. ఆ మేనేజర్ ఇప్పుడెక్కడున్నాడో తెలుసా? నెల కిందట మా కంపెనీలోనే చేరాడు. నాకు పై అధికారిగా. మొదటి రోజే నన్ను పక్కకి పిలిచి, 'పాత సంగతులు నేనెవరికీ చెప్పను, నువ్వు మాత్రం నా మాట దాటకు' అన్నాడు నవ్వుతూ. ఈ కాగితం మీద సంతకం పెట్టాల్సింది ఆయనే. ఐదింటికి వస్తున్నాడు."

అక్క వాచీని ముందుకు చాపింది. "ఈ వాచీ చూపిస్తే సరిపోదా?"

"నేను చూపిస్తే దొంగే తెచ్చి పెట్టిందంటాడు. మూడు రోజులుగా ఇక్కడే తిరుగుతున్నాగా. మేస్త్రీ చూశాడా ఇది?"

"క్లిప్పని చెప్పాను."

పిచ్చుక పెదవి ఒక పక్కకు వంగింది. "బాగుంది. అయితే చెప్పాల్సింది నువ్వొక్కదానివే. చెప్పావంటే నీ పేరు ఈ గడిలోకి రాదు, ఆయన రానివ్వడు. చెప్పకపోతే ఇప్పుడే రాసేస్తా, సంతకం పడిపోతుంది. ఏం చెయ్యమని నేను చెప్పను. నీ మీద ఒకసారి ఆశ పెట్టుకున్నా, చాలు."

లేచి, బట్టలు దులుపుకుని, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది.

అక్క వాచీతో ఒంటరిగా మిగిలింది. ఈ పని పోతే పొద్దున లేచి ఎక్కడికి వెళ్లాలి? ఈ వయసులో ఎవరు రమ్మంటారు? ఈ దుకాణం తప్ప తనను పేరు పెట్టి పిలిచే చోటు ఊళ్లో ఇంకొకటి లేదు. ఆ పేరు కూడా ఒక వరుస పేరే. ఆలోచించిన కొద్దీ ఆ గోడౌన్ పెద్దదైపోతున్నట్టు, తాను చిన్నదైపోతున్నట్టు అనిపించింది.

ఐదింటికి పది నిమిషాలుండగా పాతవాళ్లంతా విప్పేసిన అరల మధ్య చేరారు. గుమ్మం పక్కన పెద్ద అట్టపెట్టె ఉంది. విదేశీ కంపెనీ పేరున్న టోపీలు, చొక్కా బిళ్లలు అందులో వేసి రావాలి. అక్క తన నక్షత్రం తీసి అందులో వేసింది. అడుగున పడి చిన్న చప్పుడు చేసింది.

ఆయన వచ్చాడు. జుట్టు నెరిసింది కానీ తాళాల గుత్తి వేలికి తగిలించుకుని తిప్పే అలవాటు పోలేదు. అందరినీ పలకరించాడు, పిచ్చుక చేతిలోంచి అట్ట అందుకున్నాడు, కాగితం మీద పైనుంచి కిందికి చూపు పోనిచ్చాడు.

"మూడో వరుస ఖాళీగా ఉందేంటి?"

పిచ్చుక నేల చూపులు చూస్తోంది. ఆయన తలెత్తి జనంలో వెతికి అక్కను గుర్తుపట్టాడు. ముఖం విప్పారింది.

"ఈవిడ ఇంకా ఇక్కడే ఉందా! రాయండి, రాయండి. ఇలాంటివాళ్లే కావాలి మనకి. అడిగినదానికి జవాబు చెబుతుంది, ఒక్క మాట ఎక్కువ మాట్లాడదు. సరే, నేనే రాస్తాను."

జేబులోంచి పెన్ను తీసి మూత విప్పాడు. తెల్లటి గడిలో మొదటి అక్షరం పడింది.

అక్క జనంలోంచి ముందుకు వచ్చింది. ఆయన కళ్ల ముందు గుప్పిట విప్పింది.

"ఆ రోజు మీరు నన్ను ఒక్క ప్రశ్నే అడిగారు సార్. రెండోది అడగలేదు. ఇప్పుడు అడగండి."

"ఏ రోజమ్మా?" అన్నాడాయన. వేలికున్న తాళాల గలగల మాత్రం ఆగిపోయింది.